కప్పు లాగే మనిషి

డాబా గది కప్పుకు మోటారు బిగించిన రోజే బెన్హరు దానమ్మను ఇక రావద్దన్నాడు.

"రేపట్నించి రేకు మీద సేపలు వెయ్యకప్పా," అన్నాడు, మోటారు కప్పును లాగే పళ్ళ పట్టీకి గ్రీజు రాస్తూ, తలెత్తకుండానే. "పొలుసులు రాలి పట్టాల్లో పడతన్నాయి. ఉప్పు తగిల్తే ఈ పళ్ళు తుప్పట్టిపోతాయి. సాయంత్రం లాగడానికి కూడా నువ్వు రానక్కర్లేదు. బొత్తాం నొక్కితే అదే ఎళ్ళిపోతాది."

దానమ్మ ముక్కాలి పీట మీద నిలబడి, ఒక చేత్తో రేకు అంచు పట్టుకుని, రెండో చేత్తో నెత్తళ్ళు తిరగేస్తోంది. ఆ చెయ్యి ఆగింది. గుప్పెట్లో ఉన్న చేపల్ని మళ్ళీ రేకు మీద వెయ్యాలో, బుట్టలో వెయ్యాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుంది.

"ఈ పొద్దుకి ఎండనిస్తావా, ఇప్పుడే తీసీమంటావా?" అంది.

"ఈ పొద్దుకి ఉండనీ."

ఈ మాటలన్నీ కింద వాకిట్లో కుర్చీలో కూర్చున్న లీలారాణికి వినపడ్డాయి. డాబా మీదకు మెట్లు బయట నుంచే ఉన్నాయి. మనిషి కనపడకపోయినా మాట ఎదుటే అన్నంత స్పష్టంగా వినిపిస్తుంది. ఆమె నోరు తెరిచింది. మూసుకుంది. అనాల్సిన మాట ఏదో ఆమెకు బాగా తెలుసు. అనలేదు. తన కోసం ఇంత చేస్తున్న మొగుణ్ణి పైమనిషి ముందు తప్పు పట్టడం ఎలా అని ఊరుకుంది. ఊరుకోవడానికి మనకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణమే దొరుకుతుంది!

నౌపడ ఉప్పు మడులు దాటి భావనపాడు పోయే దారిలో ఉంది ఆ ఇల్లు. డాబా మీద ఛాతీ ఎత్తు గోడలతో ఒక చిన్న గది. గదిలో టెలిస్కోపు. గది మీద రేకుల కప్పు. ఆ కప్పుకు కింద చక్రాలు, చక్రాల కింద పట్టాలు. కప్పును ఉత్తరం వైపు లాగేస్తే గది మొత్తం ఆకాశానికి తెరుచుకుంటుంది. లీలారాణి హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు. భార్యాభర్తలిద్దరూ అక్క వరస కలిపి అప్పా అని పిలిచే పక్కింటి దానమ్మ భావనపాడు ఒడ్డున చేపలు కొని, ఎండబెట్టి అమ్ముకునే మనిషి. రేకు మీద ఎండిన చేపకు ఇసుక అంటదు, పిల్లికి అందదు. అందుకని పగలంతా ఆ రేకు దానమ్మది. పొద్దు వాలాక ఆవిడే చేపలు ఎత్తుకుని, కప్పు లాగేసి, ఇంటికి పోయి పొయ్యి రాజేసుకునేది. అప్పటి నుంచి ఆకాశం లీలారాణిది. ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న ఏర్పాటు కాదది. అలా జరిగిపోతూ వచ్చింది, అంతే.

లీలారాణి కిడ్నీలు చెడ్డాక ఆ జరుగుబాటు తప్పింది. వారానికి మూడుసార్లు టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తుంది. వచ్చిన రోజున మంచం దిగలేదు. మిగతా రోజుల్లో మెట్లెక్కితే ఆయాసం, దిగితే కళ్ళు తిరగడం. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం దాకా ఎందుకు, వాళ్ళ వీధిలోనే ఈ జబ్బుతో పోయినవాళ్ళున్నారు. అందుకే ఆ ఇంట్లో ఎవరూ ముందు సంగతులు మాట్లాడుకోరు.

బెన్హరు చెడ్డవాడేం కాదు. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే మనిషి. వైరు చూస్తే ఎక్కడ తెగిందో చెప్పగలడు. భార్య మంచం మీద నుంచే చుక్కలు చూసుకోవాలని తిత్లీ తుఫాను వెళ్ళిన దగ్గర్నుంచి సెలవు రోజన్నది ఎరగకుండా డాబా మీదే ఉన్నాడు. గేట్లకు పెట్టే మోటారు తెచ్చి కప్పుకు బిగించాడు. కప్పు పట్టా చివరకు రాగానే ఆగిపోవడానికి అటొకటి ఇటొకటి స్విచ్చులు పెట్టాడు. టెలిస్కోపుకు కన్ను పెట్టే గొట్టం ఊడదీసి, ఆ చోట కెమెరా బిగించాడు. గది మూల ఇంకో చిన్న కెమెరా, పాత కంప్యూటరు, నెట్టు డబ్బా, కరెంటు పోతే బ్యాటరీ. ఇప్పుడు లీలారాణి ఎక్కడున్నా ఫోనులో బొత్తాం నొక్కితే చాలు. కప్పు తెరుచుకుంటుంది, టెలిస్కోపు తిరుగుతుంది, చుక్క ఫోనులోకి వస్తుంది. ప్రేమగా పని చేసే మనిషికి ఆ పనికి అడ్డొచ్చేవాళ్ళు కనపడరు. అదీ చిక్కు.

ఆ సాయంత్రం దానమ్మ చేపలెత్తుకుని మెట్లు దిగుతూ లీలారాణి దగ్గర ఆగింది.

"ఒంట్లో ఎలాగున్నాదమ్మా?"

"అలాగే ఉంది అప్పా."

"కాళ్ళు నీరెక్కినాయి. పైకెట్టి కూకో," అని చెప్పి వెళ్ళిపోయింది.

*

సోమవారం టెక్కలి ఆసుపత్రిలో లీలారాణి వంతు సాయంత్రం షిఫ్టు. ఎడమ చేతిలో రెండు సూదులు, వాటి నుంచి మిషనుకు ఎర్రగా రెండు గొట్టాలు. కుడి చేతిలో ఫోను. కిటికీ అవతల వెలుగు తగ్గే కొద్దీ ఆమె మాటిమాటికీ టైము చూసుకుంది. ఎంత సంబరంగా ఉందంటే, పొద్దున్నించి, కొలిచి తాగాల్సిన మంచినీళ్ళ మీదకు మనసే పోలేదు.

శ్రవణ నక్షత్రానికి కాస్త పక్కగా ఉండే చుక్క ఆమెది. ఆమెదంటే ఆమెదేం కాదు, కానీ ఏళ్ళ తరబడి దాన్నే చూస్తోంది. అది ఒక చుక్కలా కనపడే రెండు చుక్కలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మసకది వచ్చి వెలుగున్నదాన్ని కమ్మేసినప్పుడు మొత్తం వెలుగు పడిపోతుంది. కాసేపటికి మళ్ళీ లేస్తుంది. ఆ వెలుగు అన్నిటికన్నా అడుక్కి ఎప్పుడు పోయిందో పట్టుకుని, ఇలాంటి లెక్కలు పోగుచేసేవాళ్ళకు పంపుతుంది. ఈ ఏడాది సాయంత్రం వేళ చేతికందే గ్రహణాలు రెండే మిగిలాయి. ఇవాళొకటి, శనివారం ఒకటి. ఆ తర్వాత చుక్క సూర్యుడి చాటుకు పోతుంది. మళ్ళీ సాయంత్రాలకు రావాలంటే వేసవి దాటాలి. వేసవి సంగతి లీలారాణి ఎవరితోనూ అనదు, తనలో తను కూడా.

చీకటి పడింది. ఆమె బొత్తాం నొక్కింది.

ఫోనులో చిన్న కెమెరా బొమ్మ కదిలింది. కప్పు జరిగి, దాని అంచున ఆకాశం సన్నటి పట్టీలా కనిపించింది. "ప్రభువా," అనుకుంది. అంతలో కప్పు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఒక పక్క ముందుకు పోయింది, రెండో పక్క పోలేదు. ఆమె మళ్ళీ నొక్కింది. బొమ్మంతా వణికింది. కప్పు ఇంకా వంకరపోయింది. అప్పుడు చూసింది. కప్పు మూల నుంచి గోడ కొక్కేనికి, బిర్రుగా, నీలం రంగు నైలాను తాడు. పడవలకు కట్టే తాడది.

చూస్తుండగానే కెమెరా మీద ఒక చినుకు పడింది.

బెన్హరుకు ఫోను చేసింది. ఆ రాత్రి అతను డ్యూటీలో ఉన్నాడు. పూండి దగ్గర సిగ్నలు పోయిందని పోయాడు, ఫోను కట్టేసి ఉంది. కప్పు తెరిచి ఉంది, వాన మొదలైంది, టెలిస్కోపు అద్దం మీద ఉప్పుగాలి వాన పడితే ఇక అది పనికిరాదు. మిగిలింది ఒక్క మనిషే. ఆ మనిషి నెంబరు ఆమె ఎప్పుడూ వాడింది లేదు. కేకేస్తే పలికే మనిషికి ఫోనెందుకు?

"అప్పా, నేను లీలని."

"ఏటమ్మా? ఆసుపత్రిలో ఏటైనాదా?"

"నాకేం కాలేదు. కప్పుకు తాడు కట్టింది నువ్వేనా?"

"నానే కట్టినాను. వాయుగుండం ఉన్నాదని మైకులో సెప్పలేదేటి? మజ్జాన్నం గాలి మారింది. ఇంట్లో ఎవులూ నేరు. కట్టీసొచ్చినాను."

"అది దానంతటదే తెరుచుకుంటుందప్పా! ఇప్పుడు నేనిక్కణ్ణించి నొక్కాను. సగంలో పట్టేసింది."

అవతల తలుపు తీసిన చప్పుడు, వాన చప్పుడు.

"సేపలొద్దన్నారు. రావద్దన్నారు," అంది దానమ్మ. "ఎప్పుడు తిరుగుతాదో నాకెవులు సెప్పినారు?"

పక్క మంచాల మీద వాళ్ళంతా వింటున్నారు. విననీ అనుకుంది లీలారాణి.

"తప్పు నాది అప్పా. ఆ రోజు నేను కిందే ఉన్నాను. అంతా విన్నాను. ఒక్క మాట అనలేదు."

"ఒల్లకో, ఊరుకో. అదిప్పుడేల? వాన పడతన్నాది. ఏటి సెయ్యాలో బేగి సెప్పు."

తాడు కొయ్యమంది. మోటారు పక్కన ఎర్ర పిడి ఉంటుంది, అది తిప్పితే పళ్ళు వదిలేస్తాయి, అప్పుడు చేత్తో లాగొచ్చంది. ఫోనులో చూస్తూ ఉంది. చీకట్లో ఒక లైటు వచ్చింది. దానమ్మ, వెనకాల ఆవిడ మొగుడు గంగులు, చేతిలో వెదురు బొంగు. గంగులు బొంగు పెట్టి కప్పు మూల పైకెత్తుతుంటే దానమ్మ భుజం ఆనించి నెట్టింది. చక్రం పట్టా ఎక్కింది. కప్పు మెల్లగా వచ్చి ఆకాశాన్ని మూసేసింది. దానమ్మ తన పైట కొంగుతో టెలిస్కోపు గొట్టాన్ని తుడవడం కనిపించింది. తర్వాత లైటు పోయింది.

"మేడమ్, బీపీ పెరుగుతోంది. ఫోను పక్కన పెట్టండి," అన్నాడు మిషన్లు చూసే గోవింద్.

ఆమె ఫోను బోర్లా పెట్టి గోడ వైపు తిరిగి ఏడ్చింది. వాన వెలిసి ఆకాశం తేటపడేసరికి చుక్క పడమట దిగిపోయింది.

*

పొద్దున్నే బెన్హరు డాబా మీద నుంచి దిగిన తీరు చూస్తేనే లీలారాణికి సంగతి తెలిసింది. పళ్ళ పట్టీ వంగిపోయింది, ఒక చక్రం సొట్టపోయింది.

"కావాలని కట్టింది," అన్నాడు. "సేపలొద్దన్నామని కడుపుమంట. రావద్దని సెప్పినాక ఏ పనుందని ఎక్కింది?"

"గాలి మారిందని ఎక్కింది," అంది లీలారాణి.

"నువ్వు ఊరుకో. నీకు అందరూ మంచోళ్ళే."

మాట పూర్తి కాకముందే దానమ్మ గుమ్మంలో ఉంది. తన ముక్కాలి పీట, చేపల కింద పరిచే వల గుడ్డ పట్టుకుపోదామని వచ్చింది. విన్నదని ఇద్దరికీ తెలుసు. బెన్హరు చేతిలో స్పానరు అటూ ఇటూ తిప్పాడు.

"ఔను బాబూ," అంది దానమ్మ, గొంతు పెంచకుండా. "కడుపుమంటే. తిత్లీకి ఈ పక్క రేకన్నది నిలబడ్లేదు. సర్చి మీద రేకులు ఎగిరి మడుల్లో పడినాయి. నా ఇంటి కప్పు ఎటు పోయినాదో ఈ రోజుకీ తెల్దు. మీ రేకు ఏల ఎగర్లేదు? పడవ తాడెట్టి నాలుగు పక్కలా కట్టినాను కాబట్టి. అది కూడా కడుపుమంటేనేటి?"

బెన్హరు స్పానరు కింద పెట్టేశాడు.

"నాను సెప్పాలనుకున్నది అది కాదులే," అని ఆవిడ పీట తెచ్చుకోవడానికి మెట్ల వైపు తిరిగి, మళ్ళీ ఆగింది. ఈసారి లీలారాణిని చూసింది. "సేపలకి నాకు బాధ నేదమ్మా. మా ఇంటి మీద గంగులు కొత్త రేకేసినాడు, అక్కడెండుతాయి. నా బాధ వేరు. ఇన్నేళ్ళు లాగినాను ఆ కప్పు. జొరమొచ్చినా లాగినాను. నువ్వు లోపలికెళ్ళి కన్నెట్టేసుకుంటావు, నాను ఇంటికెళ్ళిపోతాను. ఒక్కపాలి, ఒకే ఒక్కపాలి, 'అప్పా రా, ఏటున్నాదో సూడు' అన్నావేటి?"

లీలారాణికి చెంప మీద కొట్టినట్టయింది. స్కూలు పిల్లల్ని బళ్ళు కట్టించి మరీ తెచ్చి చూపించింది. చర్చి వాళ్ళకు, కొత్తగా వచ్చిన ఎస్సై పెళ్ళానికి కూడా చూపించింది. వాళ్ళందరికీ కప్పు లాగింది దానమ్మే. వెతికినా, ఆవిడను పిలిచిన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. పిలవకూడదని కాదు. తోచలేదు. పిలవకూడదనుకుని ఉంటే కనీసం ఆవిడొక మనిషని అనుకున్నట్టుండేది.

"ఇవాళే చూద్దువుగాని అప్పా," అంది గబగబా.

బెన్హరు అడ్డొచ్చాడు. "ఇప్పుడక్కడ కన్నెట్టడానికేటీ నేదు, కెమెరా ఉన్నాది. అది ఊడదీస్తే మళ్ళీ కుదర్చడానికి వారం పడతాది. శనివారం లీల చుక్క పని ఉన్నాదప్పా. ఆ తర్వాత సూపిస్తాం."

"అలాగే," అంది దానమ్మ. డాబా ఎక్కి, పీట చంకన పెట్టుకుని దిగి వెళ్ళిపోయింది.

లీలారాణి అప్పుడూ ఊరుకుంది. శనివారం కావాలి మరి ఆమెకు.

*

బెన్హరు విజయనగరం నుంచి కొత్త పట్టీ తెప్పించాడు. చక్రం సాలూరులో లారీలకు పనిచేసే తెలిసినవాడి చేత చేయించాడు. శుక్రవారం రాత్రికి కప్పు నూనె రాసిన తలుపులా కదిలింది. శనివారం డయాలసిస్ లేదు. కాబట్టి ముందు గదిలో మంచం మీద, మూడు దిళ్ళకు ఆనుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్‌తో కూర్చుంది లీలారాణి. వరండాలో వేలాడదీసిన క్రిస్మస్ నక్షత్రం బల్బు ఆర్పించింది. ఆకాశం కడిగినట్టుంది. ఇలాంటి సాయంత్రం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది గనక!

"నొక్కుతావా?" అన్నాడు బెన్హరు. చిన్నపిల్లాడిలా ఉంది అతని ముఖం.

అప్పుడే గేటు దగ్గర మాట వినిపించింది.

"లీలమ్మా, గాలి లేస్తాదేమోనని వొచ్చినాను. ఈ పొద్దు మోటారు తిరుగుతాదా? తాడు కట్టనా, ఒద్దా?"

గేటు తీసుకుని నేరుగా డాబా ఎక్కే మనిషి. వంటింట్లోకొచ్చి మూత తీసి కూరలో ఉప్పు చూసే మనిషి. ఇవాళ గేటు అవతల నిలబడి, లోపలికి రాకుండా, కట్టనా ఒద్దా అని అడుగుతోంది. ఆ అడగడంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చెప్పకుండా కట్టి ఒకసారి తప్పు చేసింది కాబట్టి ఈసారి అడుగుతోంది. లీలారాణికి భరించలేనంత సిగ్గేసింది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి కాళ్ళు కింద పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు బెన్హరు.

"పైకి. ఆ కన్ను పెట్టే గొట్టం ఎక్కడుందో తీసుకురా."

"ఇప్పుడా? లీలా, ఇంకో అరగంటకి మొదలవుతాది! కెమెరా తీస్తే ఈ గ్రహణం పోయినట్టే. మళ్ళీ వేసవి దాటేదాకా..." అని, ఆ మాట అనేశానని తెలిసి ఆగిపోయాడు.

"తెలుసు," అంది లీలారాణి. "తీసుకురా."

గేటు దగ్గరికి నడిచింది. "అప్పా, తాడు సంగతి తర్వాత. నన్ను పైకెక్కించు. ఎడం చెయ్యి పట్టుకోకు, సూదుల చెయ్యి అది."

దానమ్మ ఎందుకని అడగలేదు. కుడి రెక్క కింద చెయ్యి వేసి ఎత్తింది. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. సగంలో లీలారాణికి ఊపిరందక మెట్టు మీదే కూర్చుండిపోయింది. దానమ్మ ఒక మెట్టు కింద నిలబడి, పడకుండా మోకాలు అడ్డం పెట్టింది. వెనకాల బెన్హరు ఏదో గొణుగుతూ, చేతిలో టార్చితో, ఆ గొట్టంతో వచ్చాడు.

పైన అతనే ఫోను తీసి నొక్కాడు. కప్పు దానంతటదే కదిలింది. దానమ్మ ఒక్క అడుగు వెనక్కి వేసి, చివరి దాకా పోయి ఆగేదాకా చూసింది.

"బాగున్నాది బాబూ," అంది మనస్ఫూర్తిగా. "భలే సేసినావు. నా భుజాలు బతికినాయి."

బెన్హరు తల దించుకున్నాడు. లీలారాణి టెలిస్కోపు దగ్గరకు వెళ్ళి కెమెరా మరలు వేళ్ళతో తడుముకుంటూ విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళకు పట్టు లేదు. కాసేపు చూసి, బెన్హరు ముందుకొచ్చి, తను వారాల తరబడి కుదిర్చిన కెమెరాను తన చేతులతోనే ఊడదీసి, కన్ను పెట్టే గొట్టం బిగించాడు.

"సెంద్రుడ్ని సూపిస్తాను, అందరికీ అదే నచ్చుతాది," అన్నాడు దానమ్మతో, మెత్తగా.

"సెంద్రుడ్ని వాకిట్లోంచి సూస్తన్నాను కదా. అదొద్దు. సోమారం ఆసుపత్రిలో ఈవిడ దేనికేడిసిందో అది సూపించు."

లీలారాణి చుక్కను పట్టింది. నిలిపింది. పక్కకు తప్పుకుంది.

దానమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. ఒక కన్ను మూసి, వంగింది.

"నల్లగున్నాది. ఆ... కనిపిస్తన్నాది. రెండు సుక్కలున్నాయి."

"పైది కాస్త వెలుగెక్కువ. అదే నా చుక్క. కిందది ఊరికే పక్కన కనపడేది, దాని వెలుగు మారదు."

"ఇంతేనేటి?"

"ఇంతే అప్పా."

"దీనికేనా ఏడిసినావు?"

"దీనికే."

దానమ్మ లేస్తుందనుకున్నారు. లేవలేదు. నడుం మీద ఒక చెయ్యి పెట్టుకుని అలాగే వంగి ఉంది. ఉప్పు మడుల మీద నుంచి చల్లటి గాలి వస్తోంది. బెన్హరు తన స్వెట్టరు తీసి భార్య భుజాల మీద కప్పాడు. కింద దారిలో ఒక లారీ పోయింది, చాలాసేపటికి ఇంకొకటి.

"ఇందాక పైదే ఎక్కువున్నాది," అంది దానమ్మ. "ఇప్పుడు రెండూ ఒక్కలాగున్నాయి."

లీలారాణి అలవాటు కొద్దీ ముంజేతి గడియారం కోసం చూసింది. చేతికి లేదు. పోనీలే అనుకుంది.

"తగ్గిపోతన్నాది లీలమ్మా. నిజింగా తగ్గిపోతన్నాది. ఆరిపోతాదేటి?"

"ఆరిపోదు. అడ్డమొచ్చింది తప్పుకున్నాక మళ్ళీ వెలుగుతుంది."

"ఎప్పుడు?"

"ఈ రాత్రికే. కానీ పూర్తిగా వెలిగేసరికి మన వైపు దిగిపోతుంది. మనం చూడలేం."

దానమ్మ గొట్టానికి ఇంకాస్త దగ్గరకు జరిగింది. ఆ చుక్క అలా తగ్గుతున్నప్పుడు ఇంతసేపు దాని మీద నుంచి కన్ను తీసి ఉండటం లీలారాణికి ఇదే మొదలు. ఇక ఉండబట్టలేకపోయింది.

"అప్పా, ఒక్కసారి నన్ను చూడనీ."

దానమ్మ కన్ను తియ్యలేదు.

"ఉండు," అంది. "నాను సూస్తన్నాను."

లీలారాణి మళ్ళీ అడగలేదు. గోడకు వీపు ఆనించి, వాచిన కాళ్ళ మీద బరువు మార్చుకుంటూ, తన వంతు వచ్చేదాకా నిలబడింది.